వదులుకునే వాక్యం

“మళ్ళీ తప్పు పిన్నీ. ‘గివ్ అప్ హర్’ కాదు, ‘గివ్ హర్ అప్’. హర్ మధ్యలోకి రావాలి,” అంది ఇలింకా.

“చివర్లో ఉంటే దానికేం రోగం?”

“రోగం కాదు, రూలు.”

వెటూరియా విసుక్కుంటూ బల్ల కిందికి చూసింది. గోగోషా ఆమె చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకుని ఉంది. అయిదు నెలల కిందట బస్టాండు దగ్గర కాలు విరిగి దొరికిన కుక్క అది. ఇంగ్లండులో ఎవరో దంపతులు దాన్ని పెంచుకుంటామన్నారు. వాళ్ళకి పెద్ద తోట ఉందట. వెటూరియాకి ఉన్నవల్లా లిఫ్టు లేని నాలుగో అంతస్తూ, నొప్పుల మోకాళ్ళూ.

ఇలా పెంపకానికిచ్చే కుక్కల్ని రుమేనియా నుంచి అక్కడికి తీసుకెళ్ళే వాను శుక్రవారం వస్తుంది. కుక్కను ఇష్టపడే వదులుకుంటున్నామని డ్రైవరు ఎదుట నోరు తెరిచి ఇంగ్లీషులో చెప్పాలి. దొంగిలించిన కుక్కల్ని పంపుతున్నారని ఎవరో గొడవ చేశాక పెట్టిన రూలు ఇది. కిందటి నెల రెండో బ్లాకు ఫ్లోరికాకి నోరు పెగల్లేదు. వాను ఆమె కుక్కను దింపేసి వెళ్ళిపోయింది. మళ్ళీ వాను వచ్చేలోగా అవతలివాళ్ళు వేరే కుక్కను చూసుకున్నారు.

“నేనుంటే ఆ ముక్క నేనే చెప్పేదాన్ని. సరిగ్గా ఈ శుక్రవారమే బళ్ళో పరీక్షలు పడ్డాయి,” అంది ఇలింకా. ఆమె కింది అంతస్తులోనే ఉంటుంది, ఇంగ్లీషు టీచరు.

“గని క్యాంటీన్లో రెండొందల మంది నోళ్ళు మూయించినదాన్నే. ఒక డ్రైవరుకి జడుస్తానా? చెప్పు, ముందేమొస్తుంది?”

“ఐ. తర్వాత యామ్. తర్వాత గివింగ్. తర్వాత?”

“అప్.”

ఇలింకా తల పట్టుకుంది.

వెటూరియా మమలీగ అనే మొక్కజొన్న సంకటి కలుపుతూ అదే వాక్యం చెప్పుకుంది, మెట్లెక్కుతూ అదే చెప్పుకుంది. గోగోషాకి కూడా కొత్త చోట పనికొచ్చే మాటలు నేర్పింది. సిడ్డౌన్ అంటే కూర్చుంటోంది, కమాన్ అంటే వస్తోంది. దానికి రెండు రోజులు పట్టింది.

“పరీక్షలో అదే ముందు పాసయ్యేలా ఉంది,” అని ఇలింకా ఆటపట్టించింది.

“అవుతుంది మరి. దానికి చదువు చెప్పింది నేను. నాకు చెప్పింది నువ్వు.”

గురువారం సాయంత్రం వెటూరియా తడుముకోకుండా వాక్యం మొత్తం చెప్పింది. ఇలింకా మళ్ళీ చెప్పించింది. మళ్ళీ సరిగ్గానే చెప్పింది.

“పదికి పది,” అంది ఇలింకా సంతోషంగా.

వెటూరియా నవ్వలేదు. “ఏం భాషే ఇది. వదులుకునేదాన్ని రెండు చేతులా పట్టుకున్నట్టు మధ్యలో పెట్టుకుని చెప్పాలట,” అంటూ గిన్నెలు తీయడానికి లేచింది.

శుక్రవారం వాను వచ్చేసరికి వెటూరియా కింద నిలబడి ఉంది. ఒక చేతిలో కుక్క పట్టీ, ఇంకో చేతిలో సంచీ. సంచీలో తన చెప్పు ఒకటి పెట్టింది. అది లేకపోతే గోగోషాకి నిద్ర పట్టదు.

డ్రైవరు మంచివాడిలాగే ఉన్నాడు. వంగి, “సిడ్డౌన్” అన్నాడు. గోగోషా కూర్చుంది. “కమాన్” అన్నాడు. కుంటుకుంటూ అతని దగ్గరికి వెళ్ళింది. అతను దాని చెవుల వెనక గోకి, కాగితం తీశాడు. గోగోషా తలతిప్పి వెటూరియా వైపు చూసింది. పాఠం అప్పజెప్పినప్పుడల్లా పెట్టే సలామీ మాంసం ముక్క కోసం ఆ చూపు.

డ్రైవరు ఒక్కొక్క మాటా విడదీసి నెమ్మదిగా అడిగాడు.

“ఆర్ యూ గివింగ్ హర్ అప్?”

హర్ మధ్యలోనే ఉంది. ప్రతి మాటా అర్థమైంది. చెప్పాల్సిన జవాబు ఒక్క మాట కూడా అటూ ఇటూ కాకుండా నాలుక మీదే సిద్ధంగా ఉంది.

వెటూరియా కుక్క పట్టీని చేతికి రెండు చుట్లు చుట్టుకుని, తన రుమేనియన్ భాషలో మెల్లగా చెప్పింది.

“నాకు ఇంగ్లీషు రాదు నాయనా.”