సొంత వాడకం

ప్రతి టెలికాం లైనుకూ రుసుము కట్టాలన్న ప్రభుత్వం, కంపెనీలు తమ సొంత పనికి వాడుకునే లైన్లను మాత్రం వదిలేసింది. నెల తిరక్కుండానే అనకాపల్లి కంపెనీ తన చందాదారులందరినీ ఉద్యోగులుగా రాసేసుకుంది. దాంతో ఊళ్లోని లైన్లన్నీ సొంత వాడకం కిందికి వచ్చాయి.

కుట్టుపని చేసుకునే వరహాలమ్మకు ఈ సంగతి లైను పోయాకే తెలిసింది. లైను లేనిదే పొయ్యి వెలగదు, తలుపు తెరుచుకోదు. పాడేరులో ఉన్న కూతురికి నెలలు నిండాయి, నాలుగు రోజులుగా కబురు లేదు. ఆవిడ కిటికీలోంచి దిగి ప్రభుత్వ ఫిర్యాదుల కార్యాలయానికి వెళ్లింది.

అధికారి తెర చూసి, "మీరు వినియోగదారు కాదమ్మా, కంపెనీ స్టాఫు. మీ గొడవ మీ ఆఫీసులోనే తేల్చుకోండి" అన్నాడు.

"నాను స్టాఫా? నాలాటోలు ఎంతమందున్నారు బాబూ?"

"ఎనభై వేలు."

"అయితే రేపట్నించి సమ్మె సేత్తాం."

అన్నట్టే మర్నాడు ఊరంతా లైన్లు కట్టేసి, తలుపులు మూసుకుపోకుండా ఇటుకలు అడ్డం పెట్టి, కట్టెల మీద వండుకుంది. మూడో రోజున కంపెనీకి కోపమొచ్చి అందరినీ ఉద్యోగంలోంచి తీసేసింది. ఆ కాగితం పట్టుకుని వరహాలమ్మ మళ్లీ అధికారి ముందు నిలబడింది. వెనకాల వీధి చివరిదాకా జనం.

"ఇప్పుడు నానెవుర్ని బాబూ?"

"వినియోగదారే" అని ఆయన చెమట తుడుచుకుని ఫిర్యాదు రాసుకున్నాడు.

సాయంత్రానికల్లా లైను వచ్చింది. కూతురి గొంతు వినగానే వరహాలమ్మకు ఏడుపు ఆగలేదు.

"ఆడపిల్లమ్మా, మొన్న పుట్టింది. ఇద్దరం బాగానే ఉన్నాం" అంది కూతురు. "ఇక్కడి కంపెనీవోలు దానికప్పుడే ఉద్యోగం ఇచ్చేశారు."