మాట్లాడని మనిషి గొంతు

యాభై నిండకముందే సైదులు గొంతు గరగరలాడి, గుటక వేస్తే ముల్లు గుచ్చినట్టయ్యేది. మిరియాల పాలు, ఉప్పునీళ్ళ పుక్కిలింత అన్నీ అయ్యాయి. మాట్లాడొద్దన్నారని నెలలుగా నోరు కుట్టేసుకున్నాడు. అయినా పొద్దెక్కేకొద్దీ మంట పెరుగుతూనే ఉంది.

"నాతో మాటలు మానేశాడుగానీ, బయట ఎవరితో పోట్లాడొస్తున్నాడో అడగండి డాక్టరమ్మా," అంది భార్య నాగరత్తమ్మ.

డాక్టరమ్మ ముక్కులోంచి సన్నని గొట్టం దింపి, తెర మీద చూపించింది. తెల్లగా ఉండాల్సిన స్వరతంతువులు ఎర్రగా వాచి, కదలకుండా ఉన్నాయి.

అప్పుడే వీధిలో బండి అరిచింది. "ఉల్లిపాయలమ్మా ఉల్లిపాయలు! కర్నూలు ఉల్లిపాయలు!"

అది సైదులు గొంతే. అతను బండి తోసే రోజుల్లో ఆ కేక విని, యంత్రాలకి గొంతులు తయారుచేసే కంపెనీవాళ్ళొచ్చారు. నీ గొంతు ఊరూరా మోగిస్తామంటే ఉబ్బిపోయి ఇచ్చేశాడు. లేనోణ్ణి ఉబ్బించడం వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. ఇప్పుడు బండ్లు, బస్సులు, లిఫ్టులు అన్నీ ఆ గొంతుతోనే మాట్లాడుతున్నాయి.

తెర మీద తంతువులు అదిరాయి. సైదులు పెదవులు మాత్రం కదల్లేదు. బండి మలుపు తిరిగాక అవీ ఆగాయి.

"ఆ బండిలో అరిచింది ఈయన గొంతే డాక్టరమ్మా, కంపెనీకిచ్చేశాడు," అంది నాగరత్తమ్మ.

"ఇదా కారణం! ఉండండి, ఇప్పుడే ఆపిస్తా," అంటూ డాక్టరమ్మ ఆ కంపెనీకి ఫోను చేసింది.

"నమస్కారమమ్మా! మీ ఇబ్బందేంటో నిదానంగా చెప్పండి," అంది ఫోను, సైదులు గొంతుతో.

తంతువుల అంచున సన్నగా నెత్తురు చిమ్మింది. సైదులు మెడ పట్టుకుని వంగిపోయాడు.

ఫోను ఆప్యాయంగా మళ్ళీ పలకరించింది. "చెప్పండమ్మా, వింటున్నా."

"పెట్టెయ్యండి తల్లీ!" నాగరత్తమ్మ గావుకేక పెట్టింది. "ఆయన్ని మాట్లాడించమాకండి!"