కాగులో రెండు గౌన్లు

1864 అక్టోబరు పదకొండు. రాత్రికి మొక్కజొన్న రొట్టె, కాల్చిన చిలగడదుంప. ఉత్తరాది సైన్యం మీద యుద్ధానికి వెళ్ళిన ఆష్బీ నుంచి ఇవాళా ఉత్తరం లేదు.

జార్జియా పత్తి తోటలో కొడుకు కోసం ఎదురుచూస్తున్న లావీనియా దినచర్యలో అంతవరకు రాసి, శాలువా కోసం లేచింది. కొక్కేనికి ఉండాల్సిన బూడిదరంగు గౌను లేదు. పెరటి వైపు నుంచి వాల్‌నట్ తొక్కలు ఉడుకుతున్న వాసన వస్తోంది. ఎవరైనా పోయినప్పుడు, బట్టలకు నల్లరంగు వేయడానికే ఆ కాగు పొయ్యెక్కుతుంది.

ఆమె దీపం పట్టుకుని వంటశాలకు పరుగెత్తింది. బానిస వంటమనిషి హేగర్ కర్రతో కాగు కలుపుతోంది.

"నా గౌనెందుకు తీశావే? ఉత్తరమొచ్చిందా?"

"లేదు దొరసానీ."

"మరేం పోయేకాలం నీకు!"

"నా కేటో చెప్పాడు. ఇందాక ఈ గుమ్మంలోనే నిలబడి."

లావీనియా దీపం గుమ్మం వైపు ఎత్తింది. ఆష్బీకి సేవ చేయడానికి హేగర్ కొడుకు కేటోను వెంట పంపింది తనే. "వాడొచ్చాడా? లోపలికి పిలవలేదూ?"

"అన్నం తిందువు రారా అన్నాను. ఆకలి లేదమ్మా, రెండు గౌన్లు నానబెట్టు అన్నాడు."

హేగర్ కర్ర పైకెత్తింది. బూడిదరంగు గౌను కింద హేగర్ సొంత ముతక గౌను వేలాడింది.

బయట కుక్క మొరగలేదు. దాని తోక మాత్రం సంతోషంగా మెట్లకు టపటపా కొట్టుకుంటోంది.

లావీనియా గుమ్మం వైపు కదిలింది. హేగర్ ఆమె భుజం పట్టి పీట మీద కూర్చోబెట్టింది.

"వద్దు దొరసానీ. వాళ్ళనలా మీరు చూడలేరు."

తాను మాత్రం చీకట్లోకి ఒక్కసారి చూసి, తలుపు మెల్లగా మూసింది.