దొర డ్రమ్ము

మూడు నెలలుగా బ్యాండుకు నత్త పూనింది.

హుషారుగా సాగాల్సిన కవాతు పాట శవం వెనక నడిచినట్టు నడుస్తోంది. బాకా ఊదేవాడు ఊపిరి చాలక గుడ్లు తేలేస్తున్నాడు. రెండు దెబ్బల మధ్య ఒక కునుకు తీయొచ్చని క్లారినెట్ ముసలాయన ఎత్తిపొడుపు.

అందరి వేళ్ళూ డ్రమ్ము వైపే. కొట్టేది బ్యాండు మాస్టరు బావమరిది. నలభై ఏళ్ళవాడు, డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవాడు. ఎడమచెయ్యి చొక్కా గుండీల మధ్య దోపుకుని, మహారాజులా నిలబడి కుడిచేత్తో కొడతాడు. అందుకే దొర అని పేరు. మొన్నమొన్నటి దాకా వాడి తాళానికి వంక పెట్టినవాడు లేడు.

పోటీ నెలలోకి వచ్చింది. డ్రమ్ము మనిషిని మారిస్తేనే వస్తామని మిగతావాళ్ళు భీష్మించారు. మాస్టరు మింగలేక కక్కలేక వాణ్ణి పక్కకు పిలిచాడు.

"కాస్త జోరు పెంచరా దొరా. లేదంటే నిన్ను కూర్చోబెట్టాల్సొస్తుంది."

"నువ్వు చెప్పినట్టే కొడుతున్నాగా బావా."

"ఈ ఈడ్పు నేనెప్పుడు చెప్పాన్రా?"

దొర అలిగాడు. పుల్ల కింద పెట్టి మెట్లు దిగబోయాడు. మూడో మెట్టు మీద కళ్ళు తిరిగి కూలబడ్డాడు.

ఆసుపత్రిలో తేలింది, వాడి గుండె నడక మందగించిందని. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళలో కొందరికి వయసు పైబడ్డాక ఇలా అవుతుందట. డాక్టరు చర్మం కింద గుండె నడకను సరిచేసే చిన్న యంత్రం అమర్చాడు. కొన్నాళ్ళు ఎడమచెయ్యి పైకెత్తొద్దన్నాడు. దొరకు అదో లెక్కా, అదెప్పుడూ చొక్కాలోనేగా.

పోటీనాటికి వేరేవాడు కుదరలేదు. డాక్టరు సరేనన్నాక దొరే పుల్ల పట్టాడు.

ధన్. ధన్. ధన్.

బ్యాండు ఉలిక్కిపడి లేచింది. బాకావాడు పాట వెనక పరుగందుకున్నాడు. క్లారినెట్ ముసలాయన కట్టుడుపళ్ళు విడిగా చిందేశాయి. న్యాయనిర్ణేతల బల్ల మీద కప్పులు గలగలలాడాయి. జనం బెంచీలెక్కారు.

రెండో బహుమతి వచ్చింది.

"ఏం మాయ చేశావురా?" అన్నాడు మాస్టరు.

"ఏం లేదు బావా. ఎప్పట్లాగే కొట్టా."

బహుమతి అందుకోవడానికి దొర చొక్కాలోంచి ఎడమచెయ్యి తీశాడు. అది చూశాక మాస్టరుకు గుర్తొచ్చింది.

పదేళ్ళప్పుడు తాళం అందక వాడు ఏడుస్తుంటే, 'గుండె మీద చెయ్యేసుకోరా, అది కొట్టినప్పుడల్లా నువ్వూ కొట్టు' అని నేర్పింది తనే.