పిడి ఉన్న బ్యాటరీ

"నా టూల్ బాక్స్ ఎవరు ముట్టుకోమన్నారు?" గుమ్మంలోంచే అరిచాడు వడ్రంగి.

ఉలులు, సుత్తులు నేలమీద గుట్టగా పడున్నాయి. పెట్టె నిండా లిథియం సెల్స్ వరసగా బిగించి ఉన్నాయి.

"అత్తయ్య ఆక్సిజన్ మెషిన్‌కి బ్యాటరీ కట్టాను," అంది భార్య, ఫ్యూజు బిగిస్తూ తలెత్తకుండానే.

"ఇంట్లో ఇన్వర్టర్ ఏడ్చిందిగా. మళ్ళీ ఇదెందుకు?"

"దాన్ని చేత్తో పట్టుకుని బయటికి వెళ్ళలేం. దీనికైతే పిడి ఉంది."

"బయట ఏం పని అమ్మకి?"

"నీ చెల్లెలింటికి వెళ్తున్నాను."

జవాబు భార్య వెనకనుంచి వచ్చింది. ముక్కుకు గొట్టంతో, కాళ్ళకు చెప్పులతో తల్లి నిలబడి ఉంది.

అతని మొహం కందగడ్డలా అయింది. "నా మాట కాదని పెళ్ళి చేసుకుంది. అది చచ్చిందనే లెక్క అన్నాను. ఆరోజు నువ్వూ నోరెత్తలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా దాని గడప తొక్కావా?"

"తొక్కలేదు."

"మరి ఇప్పుడెవరు నూరిపోశారు?" భార్యవైపు కొరకొరా చూశాడు.

"దాన్నెందుకు చూస్తావు? కట్టమన్నది నేను."

కోడలు మెషిన్ వైరు గోడలోంచి పీకి, పెట్టెకున్న సాకెట్‌లో గుచ్చింది. మెషిన్ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ గుర్రుమంది.

అతను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. తల్లి దగ్గరికొచ్చింది.

"దాని పెళ్ళికి ముందే నాకీ గొట్టం పడింది. నీ మాటకి కట్టుబడి ఆగాననుకున్నావేంట్రా ఇన్నాళ్ళూ? ప్లగ్గు నీ గోడకుందని ఆగాను. తప్పుకో."