ఎడమకు లాగే కారు

కార్లన్నీ వాటంతటవే నడిచే రోజులొచ్చాక, విజయవాడలో చేత్తో నడిపే స్పోర్ట్స్ కారు యామిని దగ్గరే మిగిలింది. దాన్ని ఉంచుకోవాలంటే మర్నాడు ఆమె డ్రైవింగ్ పరీక్ష మళ్ళీ పాసవ్వాలి. కారేమో ఎడమకు లాగుతోంది, టైర్లు నున్నగా అరిగిపోయాయి. పొద్దుటినుంచీ మామూలు టైర్ల కోసం ఆటోనగర్ అంతా తిరిగింది. ఎక్కడ చూసినా రోడ్డు చెప్పినట్టు తిరిగే టైర్లే. అవి వేస్తే స్టీరింగుకు పనుండదు.

చివరికి వీల్ అలైన్‌మెంట్ షాపు నడిపే మస్తానమ్మ, మూలనపడ్డ తన పాత కారు టైర్లు ఊడదీసి యామిని కారుకు బిగించింది. చక్రాలు సరిచేసింది.

యామిని నడిపి చూసింది. కారు మళ్ళీ ఎడమకే పోయింది.

"సరిగ్గా చూశావా?" అని విసుక్కుంది.

మస్తానమ్మ పక్కసీట్లో కూర్చుంది. కారు మళ్ళీ కదిలింది. "ఒక్క క్షణం చేతులు వదలండి మేడమ్."

యామిని భయంభయంగా వదిలింది. కారు తిన్నగా సాగింది. ఆమె తన చేతులకేసి చూసుకుంది.

"రోజూ ఆఫీసుకు తీసుకెళ్ళే కారుకు స్టీరింగే లేదు మస్తానమ్మా. అలవాటు పోయింది."

"పొద్దుగూకటానికి ఇంకా టైముందిగా. కారు పోనివ్వండి."

ఇద్దరూ బందరు కాలవ పక్కన తిరుగుతూనే ఉన్నారు. చీకటి పడేవేళకు ఒక్కసారి మాత్రం కారు రోడ్డు మీది గీత దాటకుండా తిన్నగా సాగింది. రేపు పరీక్షలోనూ అలాగే పోతుందో లేదో ఇద్దరికీ తెలియదు.