ఎదురు షాపు

"ఎంకన్న షట్టర్ తీశాడామ్మా?" బాల్కనీలోంచి సందు వైపు ముఖం పెట్టి అడిగారు సూర్యనారాయణ. షుగరుతో ఆయన చూపు పోయింది.

చాలా ఏళ్లకు తార్నాక వచ్చిన కృపారాణి ఎదురుగా చూసింది. ఒకప్పుడు ఆయన దగ్గర పనిచేస్తూ థీసిస్‌లు టైపు చేసి ఎంకన్న బైండింగ్ షాపుకే మోసుకెళ్లేది. అక్కడిప్పుడు కోచింగ్ సెంటర్ ఉంది. ఎంకన్న చనిపోయిన సంగతి ఆయనకు చెప్పొద్దని సూర్యనారాయణ భార్య కామాక్షి గుమ్మంలోనే బతిమాలింది.

"తీసిండు సార్. థీసిస్ కుడుతున్నడు."

కామాక్షి కాఫీకి లోపలికెళ్లింది. ఆయన గొంతు తగ్గించారు.

"ఆ షాపు నుంచి మైదా జిగురు ఉడికే వాసన ఎప్పుడో ఆగిపోయిందమ్మా. నాకు తెలుసని కామాక్షికి చెప్పకు. నా కోసం వాణ్ణి రోజూ బతికిస్తోంది."

"కృపా, ఎంకన్నకూ ఓ గ్లాసు ఇచ్చొస్తావా?" వంటింట్లోంచి ఆయనకు వినపడేలా అడిగింది కామాక్షి.

వెళ్లమన్నట్టు ఆయన తలూపారు.

"ఇచ్చొస్త మేడం," అంది కృపారాణి.